మిగిలిన గడ్డ

మూడేళ్ల పిల్లాడికి మూత్రం బిగుసుకుపోయిందంటే ఇన్ఫెక్షనో రాయో అనుకుంటాం. చాలాసార్లు అదే అవుతుంది కూడా. ఎప్పుడో ఒకసారి మాత్రం స్కాన్‌లో మూత్రాశయం మెడ దగ్గర గడ్డ కనిపిస్తుంది. సన్నటి కెమెరా గొట్టం లోపలికి పంపి చూస్తే కొందరిలో అది ద్రాక్షగుత్తిలా మెరుస్తూ, మేం వదిలే నీటిధారకు అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. ముక్క పరీక్షలో రాబ్డోమయోసార్కోమా అని తేలుతుంది. కండరంగా ఎదగాల్సిన కణాలు ఆ ఎదుగుదల లేకుండానే లెక్కకు మించి పుట్టుకొచ్చే కేన్సర్ ఇది. మగపిల్లల్లో గడ్డ మూత్రాశయంలో పుట్టిందో ప్రోస్టేట్‌లో పుట్టిందో చెప్పడం తరచూ కుదరదు. వైద్యం ఎలాగూ ఒకటే.

1960లలో దీనికి వైద్యమంటే పెద్ద ఆపరేషనే. మూత్రాశయం, ప్రోస్టేట్, ఒక్కోసారి మలాశయం కూడా తీసేసేవారు. బతికిన పిల్లలు పొట్ట మీద మూత్రం సంచితో పెరిగారు. ఇలాంటి పిల్లలు ఏ ఒక్క ఆస్పత్రికీ సరిపడినంతమంది రారు కనక, 1972లో అమెరికాలో చాలా ఆస్పత్రులు కలిసి ఒకే పద్ధతిలో వైద్యం చేసి ఫలితాలు పోల్చుకోవడం మొదలుపెట్టాయి. విన్‌క్రిస్టిన్, ఆక్టినోమైసిన్-డి, సైక్లోఫాస్ఫమైడ్ అనే మూడు మందులు అలా స్థిరపడ్డాయి. విన్‌క్రిస్టిన్ మన పెరళ్లలో పూసే బిళ్లగన్నేరు నుంచి వస్తుంది. టన్నులకొద్దీ ఆకు తెస్తే దక్కేది గ్రాముల్లోనే. ఈ మాట విని ఎవరూ పిల్లలకు ఆ ఆకు కషాయం తాగించొద్దు, అది విషం. గడ్డ వేరే చోటికి పాకకపోతే ఇవాళ పదిమందిలో సుమారు ఎనిమిది మంది బతుకుతున్నారు.

నా దృష్టిలో ఈ వైద్యంలో అన్నిటికంటే కష్టమైన ఘట్టం మందులు, కరెంటు (రేడియేషన్) అయిపోయాక వస్తుంది. స్కాన్‌లో గడ్డ ఇంకా కొంచెం కనిపిస్తుంది. "ఉందంటున్నారు కదా సార్, అది కూడా తీసెయ్యండి" అంటాడు తండ్రి. ఆయన భయం న్యాయమైనదే. నా చెయ్యీ కత్తి వైపే లాగుతుంది. అప్పుడు మళ్లీ ముక్క తీసి స్లైడు చూస్తాం. మొదటి స్లైడులో ముదురు నీలం రంగులో చిన్నచిన్న కణాలు ఇసుక వేస్తే రాలనంతగా కిక్కిరిసి ఉన్నాయి. ఇప్పుడు కొన్నే ఉంటాయి. అవీ గులాబీరంగు ఒళ్లు చేసి, ఒకటి రెండింట్లో కండరానికుండే అడ్డచారలు కూడా తేలి ఉంటాయి. అవి దాదాపుగా ఎదిగిపోయిన కణాలు. వాటి కోసం పిల్లాడి మూత్రాశయం తీసెయ్యక్కర్లేదు. మళ్లీమళ్లీ స్కాన్ చేసి, లోపల చూసి కనిపెట్టుకుని ఉంటే చాలు. విభజన చెందుతున్న కణాలు కనిపిస్తే మాత్రం ఆపరేషన్ తప్పదు. ఈ నిర్ణయం ఆపరేషన్ బల్ల దగ్గర హడావుడిగా చేసే పరీక్షతో తేలేది కాదు. స్లైడు చదివే డాక్టరు, కరెంటు పెట్టే డాక్టరు, సర్జను ఒకే గదిలో కూర్చుని చూడాల్సిందే.

"వాడు అందరిలా నిలబడి పోసుకోగలడా బాబూ?" అని అడిగింది ఒక నాయనమ్మ. దానికి నిజం చెప్పాలి. మూత్రాశయం ఉన్నంతమాత్రాన అది సరిగ్గా పనిచేస్తుందని కాదు. కరెంటుతో అది కుంచించుకుపోవచ్చు, కటి ఎముకలు సరిగా పెరగకపోవచ్చు. పారిస్ శివార్లలోని గుస్తావ్ రూసీ ఆస్పత్రి వాళ్లు గడ్డ మేరకే కోసి, అక్కడే సన్నటి గొట్టాలు అమర్చి వాటి ద్వారా దగ్గరి నుంచి రేడియేషన్ ఇచ్చే పద్ధతిని సాధన చేశారు. చుట్టుపక్కల అవయవాలకు తగిలేది తగ్గుతుంది. అది చేయగల చోట్లు ఇంకా చాలా తక్కువ. సైక్లోఫాస్ఫమైడ్ కూడా మూత్రాశయం లోపలి పొరను కాల్చి రక్తం పోయేలా చేస్తుంది. అందుకే దండిగా సెలైను, అవసరాన్నిబట్టి మెస్నా అనే మందు ఇస్తాం.

పెద్దవాళ్ల గురించీ ఒక మాట. ప్రోస్టేట్ కేన్సర్లలో ఇలాంటి సార్కోమాలు నూటికి ఒకటి కూడా ఉండవు. రక్తపరీక్షలో చూసే పీఎస్ఏ ప్రోస్టేట్ గ్రంథి కణాల నుంచి వస్తుంది కనక వీటిలో అది మామూలుగానే ఉండొచ్చు. మూత్రం ఆగిపోయి, లోపల గట్టిగా గడ్డ తగులుతున్న మనిషిని పీఎస్ఏ బాగుందని ఇంటికి పంపడం నాకు సమ్మతం కాదు. ముక్క పరీక్ష చేయాలి.

ఇక తల్లిదండ్రులకు నా అభ్యర్థన. వైద్యం పూర్తయిన రోజున ఏ మందు మొత్తం ఎంత ఎక్కించారో, కరెంటు ఎక్కడ ఎంత పెట్టారో ఒక్క కాగితం మీద రాయించుకోండి. పిల్లాడు ఇరవయ్యేళ్లవాడై తనకు సంతానం కలుగుతుందా అని అడిగిన రోజున అవతలి డాక్టరు ముందుగా వెతికేది ఆ అంకెలనే.