‘క్లాసిక్’ అనే కితాబు

పుస్తక సమీక్షల్లో అతి చౌకగా దొరికే విశేషణం ‘క్లాసిక్’. నిరుడు అచ్చయిన నవలకూ అదే, నూరేళ్లు నిలిచిన నాటకానికీ అదే. ఆ మాట పడ్డాక సమీక్షకుడు కారణాలు చెప్పడు, పాఠకుడు అడగడు. కనుక దీని పుట్టుపూర్వోత్తరాలు ఒకసారి విచారించాలి.

దీని మూలమైన లాటిన్ ‘క్లాసికుస్’ మొదట సాహిత్యపదం కాదు; ఆస్తి లెక్కల పదం. రోమన్లు పౌరులను ఆస్తినిబట్టి అయిదు తరగతులు చేశారు. 1,25,000 కంచు నాణేలు, ఆపైన ఆస్తి గల మొదటి తరగతివారికే ఈ పేరు చెల్లేదని క్రీ.శ. 2వ శతాబ్దపు ఔలస్ గెల్లియస్ ‘అట్టిక్ నైట్స్’లో రాశాడు. ఈ మాటను రచయితలకు అంటగట్టిన సందర్భమూ ఆ గ్రంథంలోనే ఉంది. అదొక వ్యాకరణ చర్చ: ఫలానా పదం ఏకవచనమా, బహువచనమా అని. ప్రమాణం కావాలంటే ‘క్లాసికుస్’ రచయితను చూడాలి, ‘ప్రొలెటేరియస్’ను కాదు అని అక్కడి తీర్పు. ప్రొలెటేరియస్ అంటే రాజ్యానికి సంతానాన్ని తప్ప మరేమీ ఇవ్వలేని నిరుపేద. మార్క్స్ శ్రామికవర్గానికి వాడిన పేరుకు మూలం ఈ మాటే.

సంపన్నుడి పలుకే సాధువన్న ఈ లంకె మనకు కొత్తదేమీ కాదు. గ్రాంథికవాదం ఎవరి నోటిమాటను తప్పుగా లెక్కగట్టిందో మనకు తెలుసు. గిడుగు రామమూర్తి పోరాడి నిలబెట్టిన భాషకు సైతం ‘శిష్ట’ వ్యావహారికమన్న పేరే స్థిరపడింది.

నేటి ఇంగ్లీషులో ఈ విశేషణానికి ఆస్తి వాసన పోయింది. తన కోవలో మేలైనది, కాలానికి నిలిచినది, నమూనాగా చూపదగినది అని అర్థం. అందుకే ఘోరమైన తప్పును కూడా ‘క్లాసిక్ ఉదాహరణ’ అనగలుగుతారు. ‘క్లాసికల్’ వేరు, అది ప్రాచీన గ్రీకు, రోమన్ సంస్కృతికి, శాస్త్రీయ సంగీతానికి చెల్లుతుంది. 2008లో తెలుగుకు వచ్చిన హోదా ఈ రెండోది. దాన్ని చూపి ప్రతి పాత ప్రబంధాన్నీ క్లాసిక్ అనడం ప్రాచీనతను గుణంగా పొరబడటమే.

అయితే ఈ మాటను వదులుకోవాలా? అక్కరలేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో ప్రచురించిన ‘మాలపల్లి’ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. గెల్లియస్ కొలతలో రామదాసు కుటుంబానికి గానీ, వారి పలుకుకు గానీ చోటు లేదు. అయినా దాన్ని క్లాసిక్ అంటున్నాం. ఎందుకు? భూమి, కూలి, కులం ఒకదానికొకటి ముడిపడ్డ తీరును ఆ కుటుంబపు బతుకులోంచి చూపింది కనుక. ఇలా కారణం చెప్పినప్పుడే అది విమర్శ. చెప్పకపోతే, పాత రోములో అంతస్తు ప్రకటించినట్టే.

పదో తరగతి పిల్లవాడు లేచి “ఎందుకు మాస్టారూ?” అంటే, జవాబుగా రెండు వాక్యాలైనా మన దగ్గర ఉండాలి. అవి లేనిచోట ఈ విశేషణం రాయకపోవడమే మర్యాద.