ద్విభాషా పాఠ్యపుస్తకములు

ఒక పుటయం దింగ్లీషు, దాని కెదురు పుటయందు తెలుగు. 2022-23 విద్యాసంవత్సరమున తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వఱకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టినప్పుడు పిల్లల చేతికిచ్చిన పుస్తకముల స్వరూప మిది. ఆంధ్రప్రదేశమున అంతకు రెండేండ్లు ముందే యిట్టి పుస్తకములు వెలసినవి. బోధనభాషను గూర్చిన వాదములు మన పత్రికలలో నూఱేండ్లకు పైగా సాగుచున్నవి. అందులో క్రొత్తగా చేర్పదగిన దేమియు నాకు తోచదు. కాని పుస్తకమును విప్పి, ఈ రెండు పుటలును ఒకదానితో నొకటి మాటలాడుకొనుచున్నవా లేదా యని చూచుట మాత్రము ఆవశ్యక మని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

సిద్దిపేట జిల్లాలోని జగదేవ్‌పూరు మండలమును తీసికొందము. 2016 లో జిల్లాలను విభజించువఱకు అది మెదకు జిల్లాలోనిది. అచ్చట జనులకు వ్యవసాయమే ఆధారము. తీగుల్ నర్సాపూరులోని కొండపోచమ్మ గుడి యా మండలములోనిదే. ఆ తల్లి పేరనే సమీపమున 15 టీ.ఎం.సీ.ల నీరు పట్టు జలాశయమును నిర్మించి, 2020 మే నెలలో గోదావరి నీటిని దానిలోని కెత్తిపోసిరి. ఇప్పుడచ్చటి బడిలో నీటివనరులను గూర్చిన పాఠము వచ్చిన దనుకొనుడు. ఒక పుట 'రిజర్వాయర్' అనును. ఎదురు పుట 'జలాశయము' అనును. పిల్లవాని తండ్రి ఈ రెంటిలో నేదియు ననడు. 'డ్యాము నిండింది' అనును. ఇంగ్లీషు మాటయే వాని యింటి తెలుగై కూర్చున్నది. తెలుగుపుటలోని మాట వానికి పరభాష. 'ఎవుసము' అనువాడు పుస్తకములో 'వ్యవసాయము'ను గుర్తుపట్టవచ్చును. కాని 'చెలక' యనగా నెట్టి నేలయో, దానికిని వరిమడికిని గల భేద మేమో ఎనిమిదేండ్ల పిల్లవానికి చక్కగా తెలియును. ఆ తెలివికి రెండు పుటలలో దేనియందును చోటు దొరకుట కష్టము.

కాబట్టి యిది ద్విభాషా పుస్తకమని మన మనుకొనుచున్నను, జగదేవ్‌పూరు పిల్లవానికి మూడు భాషలు: ఇంటిది, బడితెలుగు, ఇంగ్లీషు. మొదటిదానికి పుట లేదు.

ఇంతమాత్రమున తెలుగుపుటలోని సంస్కృత పదముల నన్నిటిని తీసివేయు డని నే ననను. అట్లనువారు పిల్లల బుద్ధిని తక్కువగా నంచనా వేయుచున్నారు. 'పత్రహరితము' అను మాటను చూడుడు. పత్ర మనగా ఆకు; హరిత మనగా ఆకుపచ్చన. 2015 లో హరితహార మను పేర మొక్కలు నాటించిన నాటినుండి ఈ రెండవ మాట పల్లెపల్లెకు తెలిసినది. ఎదురు పుటలోని 'క్లోరోఫిల్' అను మాటయు గ్రీకు భాషలో సరిగా నట్టిదే: క్లోరోస్ అనగా పచ్చన, ఫిల్లోన్ అనగా ఆకు. 'ఫొటోసింథసిస్' లో ఫొటో వెలుగు, సింథసిస్ కూడిక. 'కిరణజన్య సంయోగక్రియ' యు నదే చెప్పుచున్నది. రెండు భాషలవారును ఒకే వస్తువును చూచి ఒకే రీతిగా పేరు పెట్టిరి. ఈ సంగతి తెలిసిన నిమిషమున పిల్లవాని ముఖము విప్పారక మానదు. ఒక మాటతో రెండవది పట్టుబడును. కాని పుటలను ఎదురెదురుగా నచ్చొత్తినంతమాత్రమున నిది తెలియునా? చెప్పువారు కావలెను. చెప్పువారు లేనిచో ఇవి రెండు తాళము వేసిన గదులు; ఒకదాని తాళపుచెవి రెండవదానిలో నున్నది.

మఱియొక లోపము వాక్యరచనకు సంబంధించినది. ఒక పుటలో నున్న దంతయు రెండవ పుటలో సరిగా పట్టవలె నను నియమము పెట్టుకొన్న తరువాత తెలుగు తన నడక నడువలేదు. ఇంగ్లీషు వాక్యము ఎచ్చట నాగిన తా నచ్చట నాగవలెను. అది కర్మణిప్రయోగము చేసిన తానును 'చేయబడును', 'అనబడును' అని తల యూపవలెను. (గ్రాంథికము వ్రాయు నావంటివారికి ఈ 'బడు'లను నిందించు హక్కు కొంత తక్కువయే; కాని నా చదువరులు మూడవ తరగతివారు కారు.) ఒక కథగానో, ఒక ప్రశ్నగానో చెప్పిన తెలుగులో సులభముగా దిగు విషయము, ఇంగ్లీషు వరుసలోనే వచ్చుటచేత బిగిసిపోవుచున్నది. ఈ పద్ధతిలో తెలుగుపుట పాఠము కాదు, పాఠమునకు వ్రాసిన టీక. పదవ తరగతి చివర పరీక్షను ఒకే మాధ్యమమున వ్రాయవలసియున్నది గదా! టీకను చదువుటకు తీరిక యెవరికి?

ఇపుడు 'అంతర్జాతీయ పాఠశాల' యను మాటకు వత్తును. పట్టణములలోను, పట్టణములకు దూరముగా పొలముల నడుమను ఈ పలక గల భవనములు నేడు విరివిగా కనబడుచున్నవి. ఈ పేరు మొదట నొక యవసరమునుండి పుట్టినది. 1924 లో జెనీవా నగరమున నానాజాతి సమితియందును అంతర్జాతీయ కార్మిక సంస్థయందును పని చేయుటకు నానాదేశములనుండి వచ్చిన యుద్యోగుల బిడ్డల కొఱకు ఒక పాఠశాలను స్థాపించిరి. ఫ్రెంచి, ఇంగ్లీషు రెండును అచ్చట బోధనభాషలు. అప్పటి మన మెదకు జిల్లాలోనే, పటాన్‌చెరువున మెట్టపంటల పరిశోధనా సంస్థ 1972 లో వెలసినప్పుడు, విదేశీ శాస్త్రజ్ఞుల బిడ్డల కొఱకు అట్టి పాఠశాల యొకటి ఏర్పడినది. ఇట్టిచోట్ల ద్విభాషాబోధన యనగా రెండు భాషలలోను ఆలోచించుట, రెండింటను ప్రశ్న లడుగుట. బడిభాష రాని బాలిక వచ్చినచో ఆమెకు ప్రత్యేకముగా నొక యుపాధ్యాయుని నియోగింతురు. క్రొత్తచోట బెంగ పెట్టుకొన్నచో ఓదార్చుట కొకరుందురు. దీనినే విద్యార్థి సహాయ మందురు.

తరగతిలో నొకరికో యిద్దరికో భాష రానిచోట నింత సహాయము! తరగతియంతయు భాష రానివారే యగు జగదేవ్‌పూరు బడిలోనో, అట్టి యుపాధ్యాయుని పదవియే యేర్పాటులో లేదు. ప్రభుత్వము 2022 లోనే 'తొలిమెట్టు' అను పేర చిన్న తరగతులకు చదువుట, వ్రాయుట, లెక్క చేయుట నేర్పుట కొక కార్యక్రమ మారంభించినది, అది మెచ్చదగినది. కాని తొలిమెట్టు ఎక్కని పిల్లవానికి అదే సంవత్సరమున మాధ్యమమును మార్చుట ఎట్టి న్యాయమో నాకు బోధపడలేదు.

ఇంకొక విశేషము. 2018 నాటి శాసనమున తెలంగాణలోని బడులన్నిటను తెలుగు నేర్పవలె నని విధించిరి. 2025 లో ఇతర బోర్డుల పాఠశాలల కొఱకు, అంతర్జాతీయ పాఠశాలలతో సహా, తొమ్మిది, పది తరగతులలో ప్రామాణికమైన 'సింగిడి'కి మాఱుగా 'వెన్నెల' యను సరళమైన తెలుగు పుస్తకమును వాడవచ్చునని యుత్తరువిచ్చిరి. తెలుగు మాతృభాష కానివారికి సుళువుగా నుండు నని కారణము చెప్పిరి. కారణము సహేతుకమే. ధనికుల బిడ్డకు తెలుగు కష్ట మైనచో తెలుగును సరళము చేయవచ్చు నన్నమాట. పేదల బిడ్డకు ఇంగ్లీషు కష్ట మైనపుడు, వాని యెదురు పుటలోని తెలుగునైనను ఆ మాత్రము సరళము చేయు డని యడుగుట అత్యాశ యగునా?

మన పెద్దలు ఈ చిక్కును ఎఱుగనివారు కారు. నిజాము రాజ్యమున ఉర్దూ రాజభాషగా నున్న దినములలో మాడపాటి హనుమంతరావుగారు 1928 లో హైదరాబాదున ఆంధ్రబాలికా పాఠశాలను నెలకొల్పి తెలుగున బోధింపజేసిరి. ప్రభుత్వ మంగీకరింపకపోగా, దానిని పూనాలోని కార్వేగారి మహిళా విద్యాపీఠముతో చేర్చిరి. ఆ విద్యాపీఠముయొక్క పద్ధతి గమనింపదగినది: బోధన మాతృభాషలో, ఇంగ్లీషు మాత్రము విధిగా నేర్వవలసిన భాష. ఒకదానిని త్రోసి రెండవదానిని తేలేదు. గిడుగు రామమూర్తిగా రింకను ముందు నడచిరి. పర్లాకిమిడి ప్రాంతపు సవరల బిడ్డలకు తెలుగున చదువు చెప్పుటయు నన్యాయమే యని తలచి, తాను సవరభాష నేర్చి, వాచకములు వ్రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టించిరి. తెలుగుకు పోరాడిన యాయనకు తెలుగే యొకరి నెత్తిన బరువు కాగల దని తెలిసియుండుట నాకు మిక్కిలి గొప్పగా తోచును.

తల్లిదండ్రులే ఇంగ్లీషు కోరుచున్నారు గదా యని సమాధానము వచ్చును. నిజము. 2014 లో సర్వోన్నత న్యాయస్థానము కర్ణాటక వ్యాజ్యమున మాతృభాషా మాధ్యమమును బలవంతపెట్టరా దనెను. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ ఉన్నత న్యాయస్థానము ఇంగ్లీషు మాధ్యమమును తప్పనిసరి చేయు నుత్తరువులను కొట్టివేసెను. రెండు తీర్పులును ఎన్నుకొను హక్కు నిచ్చినవి. హక్కును గూర్చి నాకు వివాదము లేదు. ప్రత్తిచేనిలో నెండకు వంగిన తల్లి తన కూతురు వంగకుండవలె నని ఇంగ్లీషు కోరుచున్నది. మన బిడ్డలను ఇంగ్లీషు బడులకు పంపుచు ఆమెకు మాతృభాషాభిమానము బోధించుట మనకు తగదు. కాని ఆమె కోరినది కూతురికి ఇంగ్లీషు వచ్చుట. ఇంగ్లీషు పుస్తకము చేతికి వచ్చుట కాదు.

ఇక పుస్తకము తిరిగి వ్రాయువారి కొక్క మనవి. పుటలను సమానముగా కొలిచి పెట్టు నియమమును విడువుడు. కొండపోచమ్మ పాఠము వ్రాయవలసినచో మొదట 'డ్యాము' అనుడు. దాని నీరెచ్చటినుండి వచ్చెనో, యెవరి చెలక తరియైనదో, ఎవరి నేల యందులో మునిగినదో పిల్లలచేత నింట నడిగి తెప్పింపుడు. ఆ కబురు తెలుగున రెండు పుటలైనను కానిండు. పిదప 'జలాశయము', ఆపైని 'రిజర్వాయర్'. ఇంగ్లీషు పుటలో నయిదు వాక్యము లున్నను చాలును, ఆ యయిదింటిని పిల్ల తనంతట తాను చెప్పగలిగినచో.