వచ్చిపోయే జబ్బుకు వైద్యుడు

ఎప్పుడూ ఉండే జబ్బును ఎవరైనా పట్టగలరు. వచ్చిపోయే జబ్బును పట్టడమే విద్య. పాతికేళ్ల కారు గతుకులో పడగానే లైట్లు, హారన్, ఇంజను ఒక్కసారిగా ఆగిపోతాయి. షెడ్డుకు తెచ్చేసరికి బుద్ధిగా స్టార్టవుతుంది. అలాంటి బండి ముందు విజయవాడ ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రీషియన్ కూర్చునే తీరు చూస్తే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఆయన ముందు విప్పడు, అడుగుతాడు. "ఎప్పుడు పోతోందండీ? గతుకులోనా, ఎండకా, వానకా?" గతుకంటే వదులైన టెర్మినల్ మీద అనుమానం. వేడంటే అరిగిన ఇగ్నిషన్ స్విచ్చి మీద. వానంటే తడి చేరిన ఫ్యూజు బాక్సు మీద.

తర్వాతే మీటరు. బ్యాటరీ 12.6 వోల్టులు చూపినా ఆయన తృప్తి పడడు. ఒక్క పోగు మిగిలిన వైరు కూడా మీటరుకు నిండు వోల్టేజీ చూపిస్తుంది. లోడు పడితేనే దాని గుట్టు బయటపడుతుంది. అందుకే హెడ్‌లైట్లు వేసి, బ్యాటరీ నెగటివ్‌కూ బాడీకీ మధ్య కొలుస్తాడు. దాదాపు సున్నా ఉండాల్సిన చోట అర వోల్టు కనిపిస్తే దొంగ ఎర్త్ దారిలోనే ఉన్నాడు.

ఇక ఒక చేత్తో వైర్లను మెల్లగా కదుపుతాడు, చూపు మాత్రం టెస్ట్ ల్యాంపు మీదే. అది మినుకుమన్న చోట చేయి ఆగుతుంది. బోల్టు కింద తుప్పు, రాగి మీద పచ్చటి చిలుము. ఎమిరీ పేపరుతో రుద్ది బిగిస్తాడు, అంతే.

కొత్త బ్యాటరీ అంటగట్టడం తేలిక. ఆ దారి పట్టకుండా అసలు కారణం దాకా వెళ్లడంలోనే ఆయన పనితనమూ, నిజాయితీ కూడా ఉన్నాయి.