మీటరు పట్టిన చెయ్యి

దివ్యాంగుల బ్యాటరీ బండి మొరాయించి వస్తే, పాతబస్తీలో పని తెలిసిన మెకానిక్ ముందు స్పానర్ తీయడు, ప్రశ్న అడుగుతాడు: "బ్రేక్ లీవర్ పూర్తిగా వెనక్కొస్తోందా భాయ్?" లీవర్ దగ్గరి స్విచ్ ఇరుక్కుంటే మోటారుకు కరెంటు అందదు మరి.

తర్వాత మీటరు. రెండు 12 వోల్టుల బ్యాటరీలున్న బండి, పూర్తి చార్జింగ్‌తో 25 వోల్టులు దాటి చూపాలి. నిలబడ్డప్పుడు బాగానే చూపి, మనిషెక్కి యాక్సిలరేటర్ తిప్పగానే కుప్పకూలితే బ్యాటరీ ముసలిదై ఉండొచ్చు. టెర్మినల్ మీద తెల్లపొడి పేరుకున్నా ఇదే తంతు. గీకి బిగిస్తే సరి. కొత్త బ్యాటరీ అంటగట్టకుండా ముందు గీకి చూసేవాడే అసలు పనివాడు.

1972లో ఏర్పడిన కాన్పూర్‌లోని కేంద్ర సంస్థ అలిమ్‌కో కూడా ఇలాంటి బండ్లు తయారుచేస్తోంది. రిపేరు మాత్రం గల్లీలోనే జరగాలి.

వాననీళ్లలో నడిపితే, కనెక్టర్లు ఆరేదాకా చార్జర్ పెట్టకండి.