కోడ్ చెరిపే ముందు

స్కానర్ పెట్టగానే పి0171 అని పడితే, మా వైపు చాలా షెడ్లలో ముందు ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు. నెల తిరక్కుండా చెక్ ఇంజిన్ లైటు మళ్లీ వెలుగుతుంది. స్కానర్ చెప్పింది అబద్ధం కాదు. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువవుతోందని మాత్రమే అది చెప్పింది. ఎందుకో కనిపెట్టాల్సింది మనిషే.

ముప్పాళ్ళలో ఒక పత్తి రైతు కారుకు ఇదే కోడ్. సెన్సర్ అప్పటికే కొత్తది. "ఇంకెన్ని మార్చాలయ్యా?" అన్నాడాయన. కోడ్ చెరపకుండా ఫ్యూయల్ ట్రిమ్ తీశాను. పెట్రోలు ఎంత వదలాలో ఇంజిన్ కంప్యూటర్ చేసుకునే సవరణ అది. పది శాతం లోపు ఉంటే కంగారు లేదు. ఇక్కడ ఐడ్లింగ్‌లో 24 ఉంది. రేస్ చేసి 2500 ఆర్పీఎం దగ్గర నిలబెడితే ఆరుకి దిగింది. పెట్రోల్ పంపు నీరసిస్తే రేస్ చేసేకొద్దీ పెరగాలి గాని తగ్గదు. అంటే గాలిని కొలిచే సెన్సర్ లెక్కలోకి రాని గాలి ఎక్కడో దూరుతోంది. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలే కొంచెం కాబట్టి చిన్న చిల్లైనా పెద్ద తేడా తెస్తుంది. మానిఫోల్డ్ వెనక తడిమితే వాక్యూమ్ పైపు మీద ఎలుక పంటి గాటు! వేలితో మూయగానే ఇంజిన్ చప్పుడు మారింది, తెర మీద అంకె దిగడం మొదలైంది. మిర్చి టిక్కీలున్న కొట్టం పక్కనే కారు పెడితే ఎలుకలు రాకుండా ఉంటాయా?

ఈ పనిలో నాకు బాగా నచ్చేది ఫ్రీజ్ ఫ్రేమ్. కోడ్ పడిన క్షణాన ఆర్పీఎం, వేగం, లోడు, ఇంజిన్ వేడి ఎంతున్నాయో కంప్యూటర్ దాచి ఉంచుతుంది. లైటు ఆర్పడానికి కోడ్ చెరిపితే ఆ సాక్ష్యం కూడా పోతుంది. అందుకే ముందు అది రాసుకోమని కుర్రాళ్ళకు పదే పదే చెబుతాను.

స్కానర్ తగిలించే 16 పిన్నుల సాకెట్ అమెరికాలో 1996 మోడళ్ల నుంచి తప్పనిసరైంది. ఓబీడీ-2 అనే ఆ పద్ధతి మన దేశంలో 2013 ఏప్రిల్‌లో వచ్చింది. పి వెనక సున్నా ఉంటే ఏ కంపెనీ బండికైనా అర్థం ఒకటే. ఒకటి ఉంటే అది కంపెనీ సొంత కోడ్, వాళ్ళ పట్టిక చూడకుండా ఊహించకూడదు.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 డీజిల్ కార్లలో పి2463 పడుతుంటే భయపడి, పొగలోని మసిని పట్టే ఫిల్టర్ మార్చేవాళ్ళున్నారు. అది మసి పేరుకుందన్న మాట మాత్రమే. ఆ మసి కాలాలంటే ఫిల్టర్ 600 డిగ్రీల దాకా వేడెక్కాలి. సత్తెనపల్లికి వెళ్లి రావడం, మధ్యలో నాలుగుచోట్ల ఆపడం, ఇంతే అయితే ఆ వేడి రాదు. ఫిల్టర్ లైటు అప్పుడే వెలిగితే అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీద ఆగకుండా ఒక అరగంట నడిపితే చాలాసార్లు సరిపోతుంది. బయల్దేరే ముందు మాత్రం డిప్‌స్టిక్ తీసి చూడాలి. మసి కాలడం సగంలో ఆగిన ప్రతిసారీ కొంత డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ పై గీత దాటి ఉంటే ముందు దాన్ని మార్చి, తర్వాతే రోడ్డెక్కాలి.