లోకిభక్తి

ఉత్తర ఐరోపాలో క్రైస్తవమతము వ్యాపించుటకు పూర్వము జనులు కొలిచిన దేవతలను మరల కొలువవలెనని పూనినవారు కొందఱు ఇప్పుడు ఆ దేశములయందును అమెరికాయందును కలరు. ఐస్లాండులో వీరు 1972వ సంవత్సరమున ఒక సమాజముగా ఏర్పడగా, మఱుసటి యేడు ప్రభుత్వము దానిని మతసంస్థగా అంగీకరించినది. అమెరికాలో 1987లో ట్రోత్ అను సమాజము వెలసినది. ఓడిను, థోరు, ఫ్రేయ మున్నగు దేవతలు వీరికి పూజ్యులు. పూజానంతరము పానగోష్ఠి జరుగును; పాత్ర చేతినుండి చేతికి మాఱుచుండగా ఒక్కొక్కరు తమకు ఇష్టమైన దేవతను స్తుతించి త్రాగుదురు. ఇంతవరకు పేచీ లేదు. పాత్ర నెత్తి ఎవరైనను లోకి పేరు పలికినచో మాత్రము గోష్ఠి కలత పడును. ట్రోత్ సమాజము తన సభలలో ఆ పేరున పానము చేయుటను కొంతకాలము నిషేధించి, 2019లో ఆ నిషేధమును తొలగించినది. చదువుకొన్నవారు, లోకానుభవము గలవారు, ఒక్క పేరుకొఱకు ఇంతగా తగవులాడుట ఏలయని మా పాఠకులు అడుగవచ్చును. ఆ పేరు గలవాని కథ తెలిసినగాని తగవు తెలియదు.

లోకి దేవతల నడుమ మెలగువాడే గాని దేవతల యింట పుట్టినవాడు కాడు, తండ్రి రాక్షసజాతివాడు. ఓడినుతో రక్తము కలిపి సోదరుడైనాడు. థోరు భార్యయగు సిఫ్ అనునామె బంగారు వన్నె జుట్టును ఊరక కొంటెతనమునకై కత్తిరించెను. థోరు ఎముకలు విఱుగగొట్టుదునని పట్టుకొనగా, మరుగుజ్జు కమ్మరులయొద్దకు పోయి నిజమైన బంగారముతో జుట్టు చేయించి తెచ్చెను. ఆ ప్రయాణమువలననే ఓడినునకు ఈటెయు, థోరునకు సుత్తెయు లభించినవి. సుత్తె పిడి కుఱచయగుటకు గూడ కారణము లోకియే; ఈగయై పోయి, పని జరుగుచుండగా కమ్మరిని కుట్టెను. ఆ పందెములో తన తలనే యొడ్డి ఓడిపోయి, తల పందెములోనిది గాని మెడ కాదని వాదించి బ్రదుకగా, కోపించిన కమ్మరి వాని పెదవులు కుట్టివైచెను. ఓడినుని ఎనిమిది కాళ్ళ గుఱ్ఱమునకు, ఆడుగుఱ్ఱమై, తల్లియైనవాడును వీడే. మన వాడుకభాషలో ఈ పేరు విభక్తి ప్రత్యయమువలె వినబడును. ఎంత సన్నని సందునను లోనికి దూఱగలవానికి అది చక్కగా అమరినదని నవ్వుకొనవచ్చును.

ఇంతవరకు చదివినవారికి మన నారదుడు, వెన్నదొంగ కృష్ణుడు తలపునకు వత్తురు. ఆ పోలిక కొంతదూరమే నడచును. నారదుడు పెట్టిన కలహము మేలుతో ముగియునని కథ చెప్పువాడును వినువాడును ముందే యెఱుగుదురు. యశోద రోటికి గట్టిన బిడ్డ జగములను కడుపున దాచుకొన్నవాడు. లోకి కథలో అట్టి అభయము లేదు. వాని యల్లరి ఒకనాడు అల్లరిగా నుండుట మాని హత్య యగును. పిదప ప్రపంచమే కూలును, కూలినప్పుడు వాడు శత్రుపక్షమున నిలిచి పోరును. ఇట్టివానిని ఒకడు ఇష్టదైవముగా వరించుట వింతయే.

వరింపరాదనువారి మొదటి వాదము ప్రమాణము లేదని. థోరు పేరను ఓడిను పేరను స్కాండినేవియాలో ఊళ్ళును వనములును అనేకము కలవు. లోకి పేర నిశ్చయముగా చెప్పదగిన పూజాస్థలము ఒక్కటియు లేదు. ఇది నిజమే. కాని ఈ వాదము చేయువారు తమ తక్కిన ప్రమాణములు ఎట్టివో మఱతురు. ఐస్లాండు క్రైస్తవమును స్వీకరించినది 1000వ సంవత్సర ప్రాంతమున. ఈ కథలను గద్యమున కూర్చిన స్నోరి స్టుర్లుసన్ తన ఎడ్డను వ్రాసినది 1220 ప్రాంతమున; ఆయన క్రైస్తవుడు. ప్రాచీన గీతములు గల ముఖ్యమైన చర్మపత్రపు ప్రతి 13వ శతాబ్ది ఉత్తరార్ధమునాటిది. డెన్మార్కు దానిని 1971లో ఐస్లాండునకు తిరిగి యిచ్చినప్పుడు ఆ దేశమంతయు పండుగ చేసికొన్నది. అనగా విడిచిన మతమును గూర్చి, విడిచిన రెండు వందల యేండ్లకు, విడిచినవారి మనుమలు వ్రాసినది మన చేతనున్నది. దానినుండి థోరుపూజను కూర్చుకొన్నవారు లోకి దగ్గఱికి వచ్చునప్పటికి మాత్రము సాక్ష్యము చాలదనుట న్యాయముగా లేదు.

అదిగాక, గుడిలో లేనివాడు పొయ్యియొద్ద నుండవచ్చును. 1950లో డెన్మార్కునందు స్నాప్టున్ యొద్ద సముద్రతీరమున ఒక రాయి దొరకినది. కొలిమితిత్తిని మంట తాకకుండ దాని ముక్కునకు అడ్డముగా నిలుపు రాయి అది; సుమారు 1000వ సంవత్సరమునాటిది. దానిపై మీసముల ముఖమొకటి చెక్కబడియున్నది, పెదవులపై కుట్టుగీతలున్నవి. కమ్మరి కుట్టిన నోటిని కమ్మరియే తన కొలిమియెదుట నిలుపుకొన్నాడన్నమాట. భయముచేతనో, పరిహాసముచేతనో, భక్తిచేతనో యెవరు చెప్పగలరు? నార్వే పల్లెలలో నిప్పు చిటపటలాడినచో లోకి పిల్లలను కొట్టుచున్నాడనెడివారు. కాచిన పాలపై పొరను వానికని నిప్పులో వేయుటయు కలదు. ఎండలో నేలమీది గాలి మిలమిలలాడినచో, లోకి మేకలను తోలుచున్నాడని డెన్మార్కు రైతులు చెప్పుకొనెడివారు. ఫేరో దీవులలో ఒక పాట యున్నది. రాక్షసునితో పందెమాడి ఓడిన రైతు తన కొడుకును దాచుడని దేవతలను వేడును. ఓడిను వానిని పొలములో గింజగా దాచును, హోనిరు హంస యీకగా దాచును, రెండును చాలవు. లోకి చేపకడుపున గ్రుడ్డుగా దాచి, రాక్షసుని ఉపాయముచే చంపి, బిడ్డను ఇల్లు చేర్చును. ఇవన్నియు క్రొత్తకాలమున సేకరింపబడినవి. వీనిని పట్టుకొని పూర్వము వానికి పూజలు జరిగెనని సాధింపరాదు. కాని ఒక పల్లెటూరివాడు ప్రాణాపాయమున ఈ పేరు పిలుచుటకు సంకోచింపలేదని తెలియుచున్నది గదా!

ప్రమాణము సంపూర్ణముగా లేకపోయినను మాకు చింత లేదు. తాతలు చేయలేదు గనుక చేయరాదను మాట మన యిండ్లలో వినని వారుండరు. దాని బలమెంతయో మా పాఠకులకు చెప్పనక్కఱలేదు. నేటి లోకిభక్తుని పూజ అల్పమైనది: గూటిలో ఒక దీపము, మిఠాయి, ఘాటైన మద్యము, ఒక్కొక్కచోట పిల్లల ఆటబొమ్మ. పురోహితుడు లేడు. తనకు కలలోనో ధ్యానములోనో తోచినదానిని వీరు పరులకు శాస్త్రమని చెప్పరు. ఋజువు కాని స్వానుభవము అని దానికొక పేరే పెట్టుకొన్నారు. ఈ నిజాయితీ మాకు మిక్కిలి నచ్చినది. ఇంతకంటె గట్టి పునాది లేని దివ్యానుభవములపై పీఠములే వెలసినవి. ఈ భక్తులలో స్త్రీపురుషభేదమున లోకము గీచిన గీటులో ఇమడనివారు, ఆ కారణముచేతనే పుట్టినింట చోటు లేనివారు పలువురు. ఆడుగుఱ్ఱమై బిడ్డను కన్న దేవత, సభ మధ్యమున అన్యుడైన దేవత, వారికి తమవాడుగా తోచుటలో ఆశ్చర్యమేమున్నది? వారి భక్తిని వెక్కిరించుట మా యుద్దేశము కాదు. వారు ఆశ్రయించిన కథను వారు ఎట్లు చదువుచున్నారన్నదే మా ప్రశ్న.

ఇటీవల చలనచిత్రములవలన ఒక సులభపు లోకి పుట్టినాడు. అమెరికావారి బొమ్మలకథలలో ఈ పేరు 1949 నాటికే యున్నది. 2011 నాటి చిత్రముతోను 2021 నాటి ధారావాహికతోను ఇంటింటికి వచ్చినది. అందు వాడు థోరునకు పెంపుడుతమ్ముడు, తండ్రిప్రేమకు వాచిపోయిన అందగాడు. ఎడ్డలో ఈ తమ్ముడు లేడు. గంభీరులైన భక్తులు ఈ భేదమెఱిగినవారే గనుక దీనిని ఇంతటితో విడిచెదము. వారు తఱచుగా తలచుకొను గ్రంథము వేఱు: సముద్రదేవతయగు ఏగిరుని విందులో లోకి దేవతలనందఱను పేరుపేరున దూషించిన గీతము. పెద్దల యెదుట నిజము చెప్పిన ధైర్యశాలి యని దానిని చదివి వారు వానికి మ్రొక్కుదురు.

ఆ గీతమును మొదటినుండి చదువవలెను. విందునకు వచ్చినవారు ఏగిరుని సేవకులు చక్కగా వడ్డించిరని మెచ్చుకొందురు. ఆ మెప్పును సహింపలేక లోకి ఫిమఫెంగ్ అను సేవకుని చంపును. దేవతలు వానిని అడవికి తఱుముదురు. తిరిగివచ్చిన పిదపనే దూషణము ఆరంభమగును. నిజము చెప్పు నోరు తెఱవకముందే ఒక పనివాని ప్రాణము పోయినది. ఆ మీదట చెప్పిన నిజమెట్టిది? పురుషులను పిఱికివారనును, పౌరుషము లేనివారనును. స్త్రీలను మాత్రము దాదాపు అందఱను ఒక్కటే మాటతో కొట్టును: నీవు ఫలానివానితో శయనించితివి. ఇడునుకును, ఫ్రిగ్గునకును, ఫ్రేయకును, పానపాత్ర నందించి శాంతింపజూచిన సిఫునకును దక్కినది ఇదియే. వీథిలో స్త్రీని నోరు మూయింపదలచిన ఏ మొఱటువాడైనను ఈ యాయుధమునే పట్టును. ఓడిను తిరుగుమాటగా, నీవు ఎనిమిది శీతకాలములు భూమిక్రింద పాడియావువై, ఆడుదానివై బిడ్డలను కంటివని లోకిని అవమానించును. భక్తులకు ఇష్టమైన ఆ రూపాంతరమే ఇచ్చట నింద. ఆ నింద అన్యాయమని లోకి యనడు. దానినే తిరిగి యితరులపై విసరును. కావున ఈ గీతము వెలివేయబడినవారి పక్షమున చెప్పినది కాదు. వెలివేయువారి మాటలు నేర్చి వారికంటె బాగుగా పలికినవాని గీతము. కవిత్వముగా మేము దానిని మెచ్చుకొందుము. స్తోత్రముగా చదువుటకు మాత్రము మా నోరు రాదు.

అంతకంటె కఠినమైనది బాల్డరుని కథ. బాల్డరు ఓడినుని కుమారుడు, అందఱకు ప్రియుడు. వానికి చావు కలలు రాగా తల్లి ఫ్రిగ్గు లోకమునగల ప్రతివస్తువుచేతను హాని చేయనని ఒట్టు వేయించుకొనును. మిసిల్టో యను చిన్నమొక్క నొక్కదానిని పసిదని విడిచివేయును. దేవతలు బాల్డరును నడుమ నిలిపి రాళ్ళు రువ్వి, కత్తులు విసరి, దెబ్బ తగులకుండుట చూచి వినోదింతురు. ఆ వలయమునకు వెలుపల హోదు అనువాడు ఊరక నిలిచియుండును. వాడు గ్రుడ్డివాడు. నీవేల ఆడవని లోకి యడుగును. కన్ను కానదు, చేత ఆయుధమును లేదని వాడు చెప్పును. నీవును అందఱివలెనే బాల్డరును గౌరవింపుము, నేను దిక్కు చూపెదనని లోకి మిసిల్టో పుల్లను వాని చేతికిచ్చి చేయి త్రిప్పును. బాల్డరు కూలును. పగ తీర్చుటకై పుట్టిన వాలి యను బిడ్డ, ఒక్క రాత్రి వయస్సువాడు, చంపినది హోదునే.

ఈ హత్య విధివిహితమనియు, పాతలోకము కూలిననేగాని క్రొత్తది పుట్టదనియు, లోకి ఆ కఠినకార్యమునకు పనిముట్టు మాత్రమేయనియు కొందఱు భక్తులు సమాధానము చెప్పుదురు. బాల్డరుని విషయమున అది చెల్లిన చెల్లవచ్చును. హోదు విషయమున చెల్లదు. ఆటలో చేర్చుకొనబడక అంచున నిలిచినవాడు ఆ సభలో వాడొక్కడే. వానితో దయగా మాటాడినవాడును లోకి యొక్కడే. ఆ దయయే ఉరి. తాము అంచున నిలిచినందుననే లోకిని తమవాడనుకొను భక్తుడు ఈ కథలో తన చోటేదో చూచుకొనవలెను. అది లోకి చోటు కాదు, హోదు చోటు. ఈ సంగతిని ఎదుర్కొని వ్రాసిన భక్తిరచన యేదైనను మాకు కనబడినచో దానిని వేయి స్తుతులకంటె మిన్నగా భావింతుము. అది భక్తిని చెఱచునని మేమనుకొనము. తన దైవముతో పోరాడిన భక్తుడు మనకు క్రొత్తవాడు కాడు. చెఱసాలలో కూర్చుండి రాముని నిలదీసిన గోపన్న మాట తెలుగువారు మఱచిరా?

ఇక సిగిన్ మాట. లోకిని పట్టుకొన్న దేవతలు వాని కొడుకులలో ఒకనిని తోడేలుగా మార్చి మఱియొకని చీల్పించి, ఆ ప్రేగులతో తండ్రిని బండలకు కట్టిరి. స్కాది యను దేవత వాని ముఖముపై విషసర్పమును వ్రేలాడదీసెను. భార్యయగు సిగిన్ గిన్నె పట్టుకొని, కారెడు విషమును అందు పట్టుచు ప్రక్కనే యున్నది. ఇంగ్లండున కంబ్రియాలోని గాస్ఫర్త్ చర్చి యావరణమున 10వ శతాబ్దినాటి శిలువ, 14 అడుగులకు మించినది, నేటికిని నిలిచియున్నది. కట్టుబడిన పురుషుడును, వానియొద్ద గిన్నెతోనున్న స్త్రీయు దానిపై చెక్కబడియున్నారు. క్రైస్తవుల శిలువపై గూడ ఆమె గిన్నె దింపలేదు. లోకిభక్తులు పలువురు ఆమెకును దీపము పెట్టి, ఆమె నిష్ఠను కొనియాడుదురు. కుష్ఠరోగియైన భర్తను భుజమునెత్తుకొని వేశ్యాగృహమునకు మోసిన సుమతి కథను పుణ్యకథగా విని పెరిగిన మనకు ఈ కొనియాడుట ఎట్టిదో బాగుగా తెలియును. ఆమెకు ఎడ్డలో మాట లేదు. మాట లేనివారిని పొగడుట సులభము.

గిన్నె నిండును. పాఱబోయుటకు ఆమె తొలగినంతలో విషము లోకి ముఖముపై బడును. వాడు గింజుకొనగా భూమి కంపించును. భూకంపములు అందువలననే కలుగునని స్నోరి వ్రాసినాడు. భర్తను కట్టిన త్రాళ్ళు తన బిడ్డ ప్రేగులని ఎఱిగియున్న స్త్రీ ఆ గిన్నెను ఎచ్చట పాఱబోసినదో, మరల వచ్చి కూర్చుండునప్పుడు ఎవరివంక చూచినదో ఆయన వ్రాయలేదు. భక్తులైనను వ్రాయుదురేమోయని మేము ఎదురుచూచుచున్నాము.