నాలుగో గడి

మా హాల్లో టీవీ ఎదురుగా రెండు కుర్చీలు. ఒకటి అమ్మది. రెండోది నాది. దాని చేతికి దారంతో కట్టిన బాల్‌పెన్ను, పక్కనే రూళ్ళ నోటుబుక్కు. ముప్పయ్యేళ్ళు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాక అంటుకున్న జబ్బిది. సీరియల్లో ఎవరైనా పాలల్లో పొడి కలిపినా, స్పృహ తప్పినా, ఆస్పత్రి కవరు చింపినా నా నోటుబుక్కు తెరుచుకుంటుంది. పేజీకి మూడు గడులు గీసుకుంటాను: ఏం చూపించారు, నిజానికి ఏమవుతుంది, ఎంతసేపు పడుతుంది.

“నువ్వు చూడవు, నన్ను చూడనివ్వవు,” అంటుంది అమ్మ. ఆవిడకి ఎనభై మూడేళ్ళు. నాకు పెన్ను ఎంతో, ఆవిడకి రిమోటు అంత.

రాయగా రాయగా ఒక సంగతి తేలింది. మొదటి రెండు గడుల మధ్య నేననుకున్నంత దూరం లేదు. టీవీ వాళ్ళు మరీ గాల్లోంచి ఏమీ పుట్టించరు. ‘బ్రేకింగ్ బ్యాడ్’కి ఓక్లహోమా యూనివర్సిటీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ డోనా నెల్సన్ సలహాలిచ్చారు. ‘ద బిగ్ బ్యాంగ్ థియరీ’లో పాత్రల వెనకాల తెల్లబోర్డు మీద కనిపించే లెక్కల సంగతి చూసింది యూసీఎల్‌ఏ ఫిజిక్స్ ప్రొఫెసర్ డేవిడ్ సాల్ట్‌జ్‌బర్గ్. కొంప మునిగేదల్లా మూడో గడిలో. సైన్సుని చూపిస్తారు గానీ, దానికి పట్టే వేళని కత్తిరించేస్తారు.

నా నోటుబుక్కులో అన్నిటికంటే ఎక్కువసార్లు ఎక్కింది రుమాలు. వెనకనుంచి వస్తాడు, ముక్కు మీద రుమాలు పెడతాడు, రెండు సెకన్లలో హీరోయిను వాలిపోతుంది. మా కాలేజీ ల్యాబులో క్లోరోఫారం గోధుమరంగు సీసాలో ఉండేది. వెలుతురు తగిలితే గాలితో కలిసి ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది కాబట్టి ఆ రంగు సీసా. మూత తీస్తే తియ్యటి వాసన గుప్పుమనేది. మా ల్యాబ్ అటెండరు దాన్ని కొలిచి పోసీ పోసీ రిటైరయ్యాడు, ఒక్కనాడూ కింద పడలేదు. రుమాలుతో మనిషికి స్పృహ తప్పాలంటే రెండు సెకన్లు చాలవు, నిమిషాలు పట్టాలి. అంతసేపూ మనిషి పెనుగులాడుతూనే ఉంటాడు. స్పృహ తప్పాక అసలు ప్రమాదం మొదలు. నాలుక వెనక్కి జారి గొంతుకి అడ్డం పడవచ్చు, ఊపిరి ఆగవచ్చు, గుండె ఆగవచ్చు. హీరోయిను గోడౌన్లో కళ్ళు నులుముకుంటూ లేవడం రచయిత దయ.

ఈ రుమాలు భయం టీవీతో పుట్టింది కాదు. 1847 నవంబరులో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫారాన్ని మత్తుమందుగా వాడాడో లేదో, దొంగలు దాన్ని ముక్కుకి పెట్టి జేబులు కొడుతున్నారని లండన్లో కథలు లేచాయి. విసిగిపోయిన ‘ద లాన్సెట్’ పత్రిక 1865లో సవాలు విసిరింది: క్షణంలో స్పృహ పోగొట్టి చూపించండి, మీ పేరు శాస్త్రంలో నిలిచిపోతుంది అని. ఆ లెక్కన మన సీరియల్ విలన్లందరూ ఈపాటికి గొప్ప శాస్త్రవేత్తలైపోయి ఉండాలి.

అదే లాన్సెట్ ఇరవై నాలుగేళ్ళ తరవాత ఇదే క్లోరోఫారం కోసం హైదరాబాదు దాకా వచ్చింది. క్లోరోఫారం ఇచ్చిన రోగుల్లో కొందరు ఉన్నట్టుండి చనిపోతుండేవారు. చంపేది ఊపిరి ఆగడమా, గుండె ఆగడమా అన్నది తగువు. ఇక్కడ బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్‌గా, మెడికల్ స్కూలు పెద్దగా ఉన్న ఎడ్వర్డ్ లారీది ఒకటే మాట: ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే గుండెకేమీ కాదు. అది ఎడిన్‌బరోలో ఆయన గురువు సైమ్ దగ్గర నేర్చుకున్న మాట. 1888లో మొదటి హైదరాబాద్ క్లోరోఫారం కమిషన్ జంతువుల మీద పరీక్షలు చేసి ఆ మాటే ఖాయం చేసింది. లాన్సెట్ నమ్మలేదు. అయితే మీ మనిషినే పంపండి, ఖర్చు మాది అని ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌన్లు ఇచ్చింది. 1889లో లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ లండన్ నుంచి వచ్చాడు. వందల జంతువుల మీద మళ్ళీ పరీక్షలు. ఆ రోజుల్లోనే మన మెడికల్ స్కూల్లో చదువుకుని రోగులకి క్లోరోఫారం ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలోని తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరిగా చెప్పుకుంటారు.

రెండో కమిషనూ లారీ మాటే నిలబెట్టింది. ఊపిరిని కనిపెట్టుకుని ఉండమన్న సలహా మంచిదే, ఈనాటికీ చెల్లుతుంది. కానీ గుండెకేమీ కాదన్నది తప్పు. క్లోరోఫారం తేలిగ్గా ఎక్కిన స్థితిలో, ఒంట్లో అడ్రినలిన్ పొంగినప్పుడు గుండె లయ తప్పి ఆగిపోగలదని గుడ్‌మన్ లెవీ 1911లో చూపించాడు. అంటే భయంతో పెనుగులాడుతున్న మనిషి ముక్కుకి రుమాలు పెట్టడం లాంటి చోటే గుండెకి ముప్పు ఎక్కువ. మూడో గడిలో ‘నిమిషాలు’ అని రాసి, కింద ‘తగువు తేలడానికి అరవై ఏళ్ళు పైనే’ అని చేర్చాను.

ఇక డీఎన్‌ఏ. 2000లో అమెరికాలో ‘సీఎస్‌ఐ’ సీరియల్ మొదలయ్యాక నేరపరిశోధన అంటే నీలిరంగు దీపాలు, ‘టింగ్’ మనే కంప్యూటరు అయిపోయింది. జ్యూరీలో కూర్చున్న జనం ప్రతి కేసులోనూ డీఎన్‌ఏ అడుగుతున్నారని అక్కడి ప్రాసిక్యూటర్లు మొత్తుకుంటే దానికి ‘సీఎస్‌ఐ ఎఫెక్ట్’ అని పేరు పడింది. మన వైపు 1998 నుంచీ సోనీ టీవీలో ‘సీఐడీ’ వాళ్ళకి ఫోరెన్సిక్ డాక్టర్ సాలుంఖే ఉన్నారు. అందులో పోలీసు దయా తలుపు విరగ్గొట్టడానికి పట్టే సమయంలో ఆయన రిపోర్టు వచ్చేసేది.

తెలుగువాళ్ళం మాత్రం డీఎన్‌ఏ గురించి వాదించుకున్నది ‘కార్తీకదీపం’ దగ్గరే. మలయాళం ‘కరుత్తముత్తు’ నుంచి వచ్చి 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా స్టార్ మాలో నడిచింది. తనకి పిల్లలు పుట్టరని నమ్మి, భార్య దీపని అనుమానించి దూరం పెట్టిన డాక్టరు కథ. “డాక్టర్‌బాబూ, ఒక్క డీఎన్‌ఏ టెస్టు చేయించుకో, మమ్మల్ని వదిలేయ్” అని ఊరంతా జోకులేసుకుంది. నేనూ నా నోటుబుక్కులో ఎర్రసిరాతో రాశాను: ‘ఒక్క టెస్టుతో అయిపోయే కథ. డాక్టరై ఉండి!’

ఆ టెస్టు చరిత్ర కూడా మన ఊరితో ముడిపడిందే. 1984 సెప్టెంబరు 10న ఇంగ్లండులోని లెస్టర్‌లో అలెక్ జెఫ్రీస్ తన ఎక్స్‌రే ఫిల్మ్ మీద మనిషికో తీరుగా పడ్డ చారలు చూశాడు. అదే డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ దానికి మరో దారి కనిపెట్టారు. ఆయన మొదట్లో చూస్తున్నది పాముల్ని. పసుపు, నలుపు పట్టీలుండే కట్లపాము డీఎన్‌ఏలో నాలుగక్షరాల మాట ఒకటి, జీ-ఏ-టీ-ఏ, మంత్రంలా మళ్ళీమళ్ళీ రావడం గమనించారు. ఆ పాము డీఎన్‌ఏ ముక్కనే వాడి మనుషుల్ని గుర్తుపట్టవచ్చని 1988 నాటికి తేల్చారు. కేరళలో తలశ్శేరి కోర్టుకి ఎక్కిన ఒక పితృత్వ వివాదంలో మన సీసీఎంబీ పరీక్షే సాక్ష్యమైంది. దేశంలో డీఎన్‌ఏ కోర్టుకెక్కిన తొలి కేసుగా దాన్ని చెప్పుకుంటారు. లాల్జీ సింగ్ 2017 డిసెంబరులో పోయారు. అప్పటికి దీప, డాక్టర్‌బాబు మా హాల్లోకి వచ్చి రెండు నెలలు.

తండ్రిని ఎలా పట్టుకుంటారని అమ్మ అడిగితే పప్పు గిన్నె పక్కన కాగితం పెట్టి చెప్పాను. “డీఎన్‌ఏలో కొన్నిచోట్ల ఇలాంటి చిన్న మాట వరసగా వస్తుందమ్మా. ఎన్నిసార్లు వస్తుందనేది మనిషి మనిషికీ తేడా. ప్రతిచోటా మనకి రెండు అంకెలుంటాయి, ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. తల్లికి 14, 17 అనుకో. బిడ్డకి 14, 19 వచ్చాయి. 14 తల్లి ఇచ్చింది. మరి 19 ఎక్కడిది?”

“తండ్రిది.”

“తండ్రినని వచ్చినవాడికి 15, 18 ఉంటే?”

“వాడు కాదు.”

“ఆగు. ఒక్కచోట తేడా వస్తే వెంటనే కాదనకూడదు. అంకె ఒకటి అటూ ఇటూ మారడం ఎప్పుడైనా జరుగుతుంది. ఇలాంటివి ఇరవై చోట్ల దాకా చూస్తారు. ఒకటికి మించి చాలాచోట్ల పొసగకపోతే అప్పుడు కాదంటారు.”

జెఫ్రీస్ రోజుల్లో ఆ చారలు ఫిల్మ్ మీదికి తేలడానికి రోజులు పట్టేది. కేరీ మల్లిస్ కనిపెట్టిన పీసీఆర్ పద్ధతి వచ్చాక రవ్వంత డీఎన్‌ఏని యంత్రంలో పెట్టి కొన్ని గంటల్లో కోట్ల నకళ్ళు తీస్తున్నారు. బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి ఇస్తే గంటన్నరలో ఫలితమిచ్చే పెట్టెలూ వచ్చాయి. అంటే ఆ ‘టింగ్’ ఇప్పుడు మరీ అబద్ధం కాదు. కానీ అది శుభ్రమైన బుగ్గ నమూనాకి. గోడ మీద ఎండిన మరకకి, ముగ్గురి చేతులు పడ్డ కత్తిపిడికి, ల్యాబు బయట వరసలో ఉన్న పాత కేసులకి ఆ లెక్క నడవదు.

“ఇంతకీ కంటికి కనబడుతుందా అది?” అంది అమ్మ.

ఒక అరటిపండు సగం తీసుకుని చేత్తో మెదిపాను. గ్లాసు నీళ్ళు, చిటికెడు ఉప్పు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చెంచా. కణాల చుట్టూ ఉండే కొవ్వు పొరని సబ్బు విడగొడుతుంది, డీఎన్‌ఏ పోగులు ఒకచోట చేరడానికి ఉప్పు సాయపడుతుంది. పది నిమిషాలు ఆగి పాత చీర ముక్కలో వడకట్టాను. ఫ్రీజర్లో పెట్టిన స్పిరిట్‌ని గ్లాసు అంచు వెంబడి మెల్లిగా జార్చాను, కలవకుండా పైన తేలేలా. అమ్మ కళ్ళజోడు సర్దుకుంది. ఏడున్నరకి సీరియల్ మొదలైంది, ఆవిడ తిరిగి చూడలేదు. రెండు పొరలు కలిసేచోట మొదట చిన్న బుడగలు. తరవాత తెల్లటి దారాలు, పాల మీద మీగడ ముడుచుకున్నట్టు పైకి లేచాయి. అగ్గిపుల్లతో చుడితే చీమిడిలా సాగాయి. డీఎన్‌ఏతో పాటు పండులోని జిగురూ అందులో ఉంటుంది, ఒప్పుకోవాలి. అయినా అది అదే.

“ఇంత అసహ్యంగా ఉంటుందా?” అంది అమ్మ, ముక్కు దగ్గర పెట్టుకుని మరీ చూస్తూ.

నేను గర్వంగా నోటుబుక్కు తీసి ఎర్రసిరా వాక్యం చదివాను. ఒక్క టెస్టుతో అయిపోయే కథ.

“ఆ పిల్ల ఎందుకు చేయించుకోవాలే?” అంది. “అనుమానం వాడిది. సూది మాత్రం దాని పిల్లలకా? రిపోర్టు వస్తే వాడి అనుమానం పోతుందేమో. అన్నమాట పోతుందా?”

ఆ రాత్రి చట్టం ఏమంటుందో చూశాను. 1872 నాటి సాక్ష్య చట్టం 112వ సెక్షను, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 116: పెళ్ళి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే. బిడ్డ కడుపున పడగల రోజుల్లో వాళ్ళిద్దరూ కలిసే వీలే లేదని రుజువు చేస్తే తప్ప. అడిగినవాడికల్లా రక్తపరీక్ష చేయించకూడదని సుప్రీంకోర్టు 1993లో చెప్పింది. పరీక్ష జరిగి, దాని ఫలితం ఖచ్చితమైతే అదే పైచేయి అని 2014లో మరో కేసులో ఒప్పుకుంది. అయినా భార్యాభర్తల గొడవలో దగ్గరి దారిగా పిల్లల్ని డీఎన్‌ఏ పరీక్షకి లాగకూడదని 2023లో మళ్ళీ గట్టిగా చెప్పింది. తీర్పుల భాష వేరు గానీ, మాట మా అమ్మదే. నేను ఎర్రసిరాతో రాసింది శాస్త్రంగా తప్పు కాదు. ఆ శాస్త్రం ముందు ఏ ప్రశ్న పెట్టారో, ఎవరు పెట్టారో నేను చూడలేదు.

ఎర్రసిరాని కొట్టెయ్యలేదు. పేజీ చివర స్కేలు పెట్టి ఇంకో గీత గీశాను. నాలుగో గడి: ఎవరడిగారు, ఎందుకు?

తరవాత పాత పేజీలు తిరగేస్తూ రుమాలు దగ్గర ఆగాను. లారీ అడిగాడు. ఎందుకు? గురువు మాట నిజమని చూపించడానికి. వందల జంతువులు, వెయ్యి పౌన్లు, ఇద్దరు దొరలు, రెండు కమిషన్లు. జవాబు ముందే చేతిలో ఉంది కాబట్టి గుండె సంగతి కళ్ళెదుట ఉన్నా వాళ్ళకి కనబడలేదు. దాని నాలుగో గడి కూడా నింపాను.

ఇప్పుడు నడుస్తున్న సీరియల్లో నిన్న కోడలి చేతికి ఎవరో సీలు వేసిన కవరొకటి ఇచ్చారు. ముఖం మీదికి మూడుసార్లు కెమెరా, ఉరుము, ప్రకటన. నేను పెన్ను తీశాను.

“ముందు నాలుగోది రాసుకో,” అంది అమ్మ, రిమోటుతో సౌండు తగ్గిస్తూ. “ఎంతసేపన్నది వాళ్ళే చూపిస్తారు. శుక్రవారం దాకా విప్పరు.”